పెద్దాయన తిరిగిచ్చిన భరిణ

"నాలుగు రోజులైంది ఆ కాగితం ఫ్రిజ్‌కి అంటించి. పాలు తీసినప్పుడల్లా దాన్నే చూస్తున్నారు కదా. సంతకం పెట్టడానికి ఏం అడ్డొస్తోంది మీకు?" అంది శ్రీవల్లి.

రఘువీర్ టీ కప్పు పక్కన పెట్టాడు. ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికే వంటింట్లో పులిహోరకు చింతపండు ఉడుకుతోంది. కిటికీ అద్దాలకు ఆవిరి పట్టింది. నార్తాంప్టన్‌లోని ఆ వీధిలో ఇంకా ఏ ఇంట్లోనూ కర్టెన్లు తీయలేదు.

"చదవాలి కదా," అన్నాడు.

"ఒక్క పేజీ. ఐదు ప్రశ్నలు. ఆఫీసులో రోజూ అంతంత లావు రిపోర్టులు చదివే మనిషికి నాలుగు రోజులు పట్టిందా?"

"మీ పెద్దాయన భోజనానికి వస్తున్నాడుగా. ఆయన ముందే పెడతాలే. ఫొటో తీసి గోడకు తగిలించుకోవచ్చు."

శ్రీవల్లి గరిటె చేత్తో పట్టుకునే వెనక్కి తిరిగింది. బుధవారం నుంచి ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాల మాటలు 'బిన్స్ బయట పెట్టారా', 'సాత్వికకి షూస్ కొనాలి' వరకే నడుస్తున్నాయి. ఇవాళ కాస్త పొడుగు వాక్యాలు వచ్చాయంటే అది సఖ్యత వల్ల కాదు, గడువు వల్ల.

"రేపు పదింటికి ట్రస్టీల మీటింగండీ. నా ఇంటివాళ్ల కాగితం ఇవాళ అందకపోతే నా పేరు అజెండాలోంచి తీసేస్తారు. సెక్రెటరీ రెండుసార్లు మెయిల్ పెట్టింది. మళ్లీ ఆ అవకాశం ఎప్పటికి వస్తుందో, అసలు వస్తుందో రాదో."

వాళ్లిద్దరూ పెద్దాయన అనే ఆ మనిషి పేరు హ్యూ లాంగ్‌మీడ్. ఎనభై నాలుగేళ్లు. రెండు వందల ఏళ్ల నాటి లాంగ్‌మీడ్ బ్యాంకుకు పుట్టుకతో వారసుడు. ముప్ఫై మూడో ఏట బ్యాంకులోంచి లేచి వచ్చేసి, తన వాటా మొత్తం ఒక ట్రస్టుకు రాసిచ్చి, చెవులు వినపడనివాళ్ల కోసం ఊరూరా తిరిగే వైద్యం వ్యాన్లు పెట్టించాడు. ఆ ట్రస్టులో పాత ఉత్తరాలు, ఫొటోలు సర్దే పనికి శ్రీవల్లి వారానికి మూడు రోజులు చొప్పున చేరింది. ఏడాదిన్నరగా ప్రతి బుధవారం ఆయన ఇంటికి వెళ్లి, మైకు ముందు కూర్చోబెట్టి ఆయన జీవితకథ రికార్డు చేస్తోంది. ఇప్పుడు ఆయనే ఆమెను ట్రస్టీగా తీసుకోమని పేరు చెప్పాడు. లాయర్లూ డాక్టర్లూ లార్డులూ కూర్చునే బల్ల దగ్గర అమలాపురం అమ్మాయికి ఒక కుర్చీ.

ఆ ట్రస్టు సొమ్ము ఇప్పటికీ లాంగ్‌మీడ్ బ్యాంకు వాటాల్లోనే ఉంది. రఘువీర్ పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నది అదే బ్యాంకు, లండన్ ఆఫీసు, రిస్క్ విభాగం. ఇంటివాళ్లెవరూ ట్రస్టు పేరుతో లాభం కోరలేదని అతను రాసివ్వాల్సిన ఆ ఫ్రిజ్ మీది కాగితం అందుకే వచ్చింది.

పద్నాలుగేళ్లు ఆరు ఇరవై రైలెక్కాడు. ఆ వంశంలో ఒక్కడు కూడా అతన్ని పేరు పెట్టి పలకరించిన పాపాన పోలేదు. శ్రీవల్లికి మాత్రం పెద్దాయన తన చేత్తో టీ కలిపి ఇస్తాడట. బుధవారం సాయంత్రాలు ఆమె ఆ సంగతి చెబుతుంటే రఘువీర్ టీవీ సౌండ్ పెంచేవాడు.

"మీకేం అడ్డొస్తోందో నాకు తెలుసు," అంది శ్రీవల్లి.

"చెప్పు మరి."

"కుళ్లు."

"నేనా? ఆయన్ని చూసా?"

"ఆయన్ని చూసో, నన్ను చూసో. కుళ్లు మాత్రం ఖాయం."

"చూసి కుళ్లుకోడానికి ఆయన చేసిందేంటి? అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, అన్న రూపర్ట్ చచ్చేదాకా బ్యాంకులో గొడ్డులా కష్టపడితే, ఈయన పంచిపెట్టి దేవుడైపోయాడు. మా బ్యాంకు మెట్ల దగ్గర లాంగ్‌మీడ్‌లందరి పటాలూ ఉంటాయి. ఈయనది లేదు, తెలుసా?"

"ఆయనే వద్దన్నారు."

"అదీ గొప్పేనా?"

శ్రీవల్లి స్టవ్ తగ్గించి, కాగితం తీసి, పెన్నుతో సహా అతని ముందు పెట్టింది. ఇక అక్కడే నిలబడిపోయింది.

నాలుగో ప్రశ్న అతనికి కంఠతా వచ్చు. 'గత ఏడాదిలో మీ కుటుంబంలో ఎవరైనా వ్యవస్థాపకుడిని గాని, ట్రస్టీలను గాని ఉద్యోగం, సిఫారసు లేదా మరే సాయమైనా కోరారా?' పక్కన రెండు గళ్లు. ఔను. లేదు.

రఘువీర్ 'లేదు' దగ్గర టిక్కు పెట్టాడు. కింద సంతకం గీకేసి కాగితాన్ని ఆమె వైపు తోశాడు.

"చాలా?"

శ్రీవల్లి అక్కడే ఫోనుతో ఫొటో తీసి సెక్రెటరీకి పంపింది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి ఆమె ముఖంలో బిగువు సడలింది.

"థాంక్సండీ. ఊరికే నోరు జారాను, మనసులో పెట్టుకోకండి," అని, అతిథి కోసం వేయిస్తున్న అప్పడాల్లో ఒకటి తీసి అతని ప్లేటులో వేసింది.

రఘువీర్ ఆ అప్పడాన్ని ప్లేటు అంచుకు నెట్టాడు.

ఎందుకంటే గురువారం నాడు రఘువీర్ వర్క్ ఫ్రమ్ హోమ్ అని చెప్పి, ఆమె ఆఫీసుకు వెళ్లగానే కారు తీసి పెద్దాయన ఇంటికి వెళ్లాడు.

అతని విభాగం అధిపతి రిటైరయ్యాడు. ఆ కుర్చీ కోసం రఘువీర్ ఇదివరకు రెండుసార్లు ఇంటర్వ్యూకి వెళ్లి రెండుసార్లూ చేతులూపుకుంటూ వచ్చాడు. పెళ్లానికి అడక్కుండానే కుర్చీ వేస్తున్న మనిషి, తన కోసం ఒక్క మాట చెప్పలేడా అనిపించింది. మన దగ్గర ఇది తప్పేం కాదు. తెలిసిన పెద్దమనిషి ఉండి కూడా అడక్కపోతే చేతకానివాడు అంటారు.

పెద్దవాళ్ల దగ్గరకు వట్టి చేతులతో వెళ్లకూడదు కూడా. మెట్ల కింది అల్మారాలో ఒక సంచి ఉంది. ఈ దేశంలో ప్రతి తెలుగింట్లోనూ అలాంటి సంచి ఒకటి ఉంటుంది. గృహప్రవేశాల్లో, బారసాలల్లో వచ్చిన రిటర్న్ గిఫ్టులు అందులోకి వెళ్తాయి, ఇంకొకరి ఫంక్షన్‌కి బయటికొస్తాయి. రఘువీర్ అందులో చెయ్యి పెట్టి, పాత నాప్కిన్‌లో చుట్టి ఉన్న వెండి కుంకుమభరిణ ఒకటి బయటికి లాగాడు. తూకం బాగుంది. మూత తీయకుండానే పైన టూత్‌పేస్టుతో తోమితే తళతళలాడింది.

పెద్దాయన దాన్ని వద్దన్నాడు. మళ్లీ వద్దన్నాడు. మనలో రెండుసార్లు వద్దనడం పుచ్చుకునేవాడి మర్యాద, మూడోసారి బలవంతం చేయడం ఇచ్చేవాడి మర్యాద. "చిన్న వస్తువండీ, మా ఇంట్లో ఇలాంటివి బోలెడు," అని రఘువీర్ దాన్ని ఆయన చేతిలో పెట్టి, "మా ఆవిడకి మీరు తెలుసు కాబట్టి" అంటూ తన కోరిక చెప్పుకున్నాడు. పెద్దాయన అంతా విని, "చాలా దూరం వచ్చారు మీరు," అని మాత్రం అన్నాడు. రఘువీర్ దాన్ని సగం ఒప్పుకోలు అనుకుని ఇంటికొచ్చాడు. ఇంటికొచ్చేసరికి ఫ్రిజ్ మీద కాగితం ఉంది. బుధవారమే అంటించిన ఆ కాగితాన్ని అతను మొదటిసారి చదివింది అప్పుడే.

*

"మమ్, హ్యూ ఈజ్ హియర్!" అని సాత్విక తలుపు దగ్గర్నుంచి కేకేసింది. పదకొండేళ్ల పిల్ల. ఇక్కడే పుట్టింది కాబట్టి ఎనభై నాలుగేళ్ల మనిషిని నోరారా పేరు పెట్టి పిలుస్తుంది. శ్రీవల్లికి ఆ అలవాటు ఇప్పటికీ రాలేదు, మిస్టర్ లాంగ్‌మీడ్ అనే అంటుంది.

పెద్దాయన టాక్సీలో వచ్చాడు. మోచేతుల దగ్గర తోలు ముక్కలు కుట్టించిన పాత కోటు. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో జామ్ సీసా తొంగిచూస్తున్న గుడ్డ సంచి. సంచిని హాల్లో కుర్చీ మీద పెట్టి, రఘువీర్‌తో చెయ్యి కలిపాడు. గురువారం మాటే ఎత్తలేదు.

"మీ ఇల్లు ఎంత దూరంలో ఉందో నాకిప్పుడు తెలిసింది," అన్నాడు ఆయన. శ్రీవల్లి నవ్వింది. రఘువీర్ నవ్వలేదు.

భోజనం బల్ల దగ్గర శ్రీవల్లి ఆయన కోసం విడిగా కారం తగ్గించి చేసిన వంకాయకూర గిన్నె ముందుకు జరిపింది. పప్పు మీద నెయ్యి ఎక్కువ వేయలేదు. ఆయన అడక్కుండానే గోరువెచ్చని నీళ్లు తెచ్చి, "మీ ఒంటిగంట మాత్ర," అని గుర్తుచేసింది.

పద్దెనిమిదేళ్ల కాపురంలో తన బీపీ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఈమెకు తెలుసా అని రఘువీర్ లోలోపల ఉడికిపోయాడు. ఆమె రోజూ గుర్తుచేస్తే 'నాకు తెలుసులే' అని తానే కసిరేవాడన్న సంగతి అప్పుడు జ్ఞాపకం రాలేదు. అసూయకు జ్ఞాపకశక్తి తనకు కావలసినంతే ఉంటుంది.

"ఈ బుధవారం ఎక్కడ ఆపాం?" అన్నాడు పెద్దాయన.

"మీ చిన్నప్పటి ఆయా దగ్గర. మళ్లీ ఆవిడ దగ్గరకే వచ్చాం. బ్యాంకు ఎందుకు వదిలారని అడిగితే మీరెప్పుడూ ఆయాకి చెవుడు అనే చెబుతారు," అంది శ్రీవల్లి.

"నిజమే కదా."

"నిజమే. కానీ నాకెందుకో అది సగమే అనిపిస్తుంది. ఏడాదిన్నరగా మిగతా సగం కోసమే తిరుగుతున్నాను."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్లలో వెలుగుంది. తాను ఆఫీసు కబుర్లు చెబుతుంటే ఆ కళ్లు ఫోను మీదకు పోతాయి. రఘువీర్ పెరుగు గిన్నె కాస్త గట్టిగానే కింద పెట్టాడు.

"కాఫీ పెడతాను. ఈలోపు ఆయనకి గార్డెన్ చూపించండి," అంది శ్రీవల్లి.

గార్డెన్ అంటే పది అడుగుల గడ్డి, మూలన షెడ్డు, కుండీల్లో గోంగూర. పెద్దాయన గోంగూర ఆకును వేళ్లతో పట్టుకుని చూశాడు. వంటింటి తలుపు మూసుకున్నాక నెమ్మదిగా అన్నాడు.

"మీరు అడిగిన పని నేను చేయలేదు. ఎవరికీ ఫోన్ చేయలేదు. చేయను కూడా."

రఘువీర్ తలూపాడు.

"మీ వెండి పెట్టె ఆ సంచిలో ఉంది. నేను రెండుసార్లు వద్దన్నాను."

"మొహమాటానికి అన్నారనుకున్నాను."

"కాదు. వద్దనే అన్నాను." ఆయన కర్రను గోడకు ఆనించాడు. "నాలుగో ప్రశ్నకు ఏం రాశారు?"

రఘువీర్ పక్కింటి కంచె వైపు చూశాడు.

"పంపేశారా?"

"పొద్దున్నే. తనే పంపింది. తనకేం తెలీదు."

పెద్దాయన వంటింటి తలుపు వైపు చూశాడు. లోపల గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. సాత్విక ఏదో పాట కూనిరాగం తీస్తోంది.

"రేపు పదింటికి నేనూ ఆ బల్ల దగ్గర కూర్చోవాలి. ఆమె పేరు వచ్చినప్పుడు గురువారం సంగతి దాచి చెయ్యెత్తలేను. అది నేను అక్కడ బయటపెడితే ఆమె అబద్ధం కాగితం పంపించినట్టవుతుంది. ఆలోపు మీరే ఆమెకు చెబితే, ఆమె తనంతట తాను దాన్ని వెనక్కి తీసుకున్నట్టవుతుంది. ఆమెకు కుర్చీ వస్తుందో రాదో నేను చెప్పలేను. పరువైతే దక్కుతుంది."

"ఈ మాట అక్కడే, గురువారమే చెప్పి, తిట్టి పంపించొచ్చు కదండీ మీరు. నా మీద ఇంత దయ ఎందుకు?"

"దయ కాదు. మీరు కుర్చీ అంచు మీద కూర్చుని 'మా ఆవిడకి మీరు తెలుసు కాబట్టి' అన్నారు. అప్పుడు మీ ముఖం చూశాను. నలభై ఏళ్లు గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసిన ముఖమే అది."

రఘువీర్‌కు అర్థం కాలేదు. ఆయనే చెప్పుకొచ్చాడు, గోంగూర కుండీ వైపే చూస్తూ.

"మా నాన్న నాకు వాటా ఇచ్చాడు. కుర్చీ మాత్రం రూపర్ట్‌కి ఇచ్చాడు. ఇవ్వాల్సిందే. వాడు నాకంటే తెలివైనవాడు, ఓపికైనవాడు. భోజనాల దగ్గర అందరి కుర్చీలూ వాడి వైపే తిరిగుండేవి. నేను వాడిని ఎందులోనూ గెలవలేను. ఒక్కటి కనిపించింది. వాడు ఎప్పటికీ వదల్లేనిది నేను వదిలేయగలను. వదిలేశాను. మర్నాడు పేపర్లన్నీ నా ఫొటో వేశాయి. రూపర్ట్ ఆ పేపరు చదువుతుంటే నేను ఎదురుగా కూర్చుని చూశాను. అంత సంతోషం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు."

"మరి ఆ ఆయా?"

"ఆయా ఉంది. చెవుడూ ఉంది. ఆవిడ నాకు గుర్తొచ్చింది మాత్రం మూడు నెలల తర్వాత, ఈ డబ్బంతా దేనికి వాడతారని ఎవరో అడిగినప్పుడు."

రఘువీర్ ఆయన్ని కొత్తగా చూశాడు. యాభై ఏళ్ల వ్యాన్లు, లక్షల మంది చెవులు, ఇంత పెద్ద పేరు. అడుగున చూస్తే తన కడుపులో ఉన్న మంటే.

"శ్రీవల్లికి చెప్పలేదా ఇది?"

"ఎన్నోసార్లు అడిగింది. మైకు ఆపేసి కూడా అడిగింది. ఆమె ముందు మంచివాడిగా ఉండటం నాకు అలవాటైపోయింది. రూపర్ట్ పోయి ఐదేళ్లయింది. బతికుండగా వాడికి చెప్పలేకపోయాను, ఇంకెవరికీ చెప్పలేదు. మీకే మొదలు."

ఉన్న కష్టం అంతా అలాగే ఉంది. అబద్ధం అలాగే ఉంది, రేపు పదిగంటలు అలాగే ఉంది. అయినా రఘువీర్ ఛాతీలో ఏదో చల్లగా పరుచుకుంది. మీకే మొదలు, అన్నాడు. శ్రీవల్లికి లేనిది తనకు ఒకటి దొరికింది.

అప్పుడే వంటింటి తలుపు తెరుచుకుంది.

"డాడ్, నేను జామ్ కోసం హ్యూ బ్యాగ్ చూశాను. సారీ," అంది సాత్విక, ఇంగ్లీషులోనే, గుక్క తిప్పుకోకుండా. ఆ పిల్ల చేతిలో వెండి భరిణ ఉంది. "వై హ్యాజ్ హ్యూ గాట్ అమ్మమ్మాస్ కుంకుమ థింగ్?"

ఆమె వెనకాల కాఫీ ట్రేతో శ్రీవల్లి నిలబడి ఉంది.

*

ఎవరూ కాఫీ తాగలేదు. భరిణ బల్ల మీద, పెరుగు గిన్నెకూ పెద్దాయన తెచ్చిన జామ్ సీసాకూ మధ్య ఉంది.

"మీ అమ్మగారిదా?" అన్నాడు పెద్దాయన.

"ఔనండీ."

ఆయన రఘువీర్ వైపు తిరిగాడు. తర్వాత చూపు భరిణ మీదకు మళ్లించాడు. "ఇది ఎవరిదో తెలిస్తే ఒక్క నిమిషం కూడా నా ఇంట్లో ఉంచేవాడిని కాదు," అని మాత్రం శ్రీవల్లితో అన్నాడు. టాక్సీ వచ్చేదాకా హాల్లోనే నిలబడ్డాడు. వెళ్తూ 'రేపు కలుద్దాం' అన్నాడు. ప్రతి బుధవారం గుమ్మం దాకా వచ్చి ఆయన అనే మాటే అది, రోజు మారిందంతే. శ్రీవల్లి తలూపింది.

సాత్వికను పైకి పంపించింది. బల్ల దగ్గర కూర్చుని భరిణ మూత తీసింది. లోపల కుంకుమ ఉంది. ఇంగ్లండు వచ్చేటప్పుడు వాళ్లమ్మ తన చేత్తో నింపి, నాప్కిన్‌లో చుట్టి హ్యాండ్ బ్యాగులో పెట్టింది. ఆవిడ పోయింది విమానాలు తిరగని నెలల్లో. కూతురు వెళ్లలేకపోయింది. ఆ కుంకుమ శ్రీవల్లి ఎప్పుడూ వాడలేదు.

"అది ఆ గిఫ్టుల సంచిలో ఎందుకుంది?" అన్నాడు రఘువీర్. అనగూడదని అన్న తర్వాత తెలిసింది.

"పై వీధిలో పటేల్ గారింట్లో దొంగలు పడ్డాక అక్కడ దాచాను. మనవాళ్ల ఇళ్లలో బంగారం, వెండి ఎక్కడుంటాయో వాళ్లకి తెలుసు. ఆ సంచి ఎవడూ ముట్టడనుకున్నాను." మూత పెట్టేసింది. "మీకు కూడా చెప్పాను. ఫోన్ చూసుకుంటూ ఊఁ అన్నారు."

గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది. పైన సాత్విక గదిలో చప్పుడు లేదు.

"ఏం అడిగారు ఆయన్ని?"

"శ్రీ..."

"ఊరికే ఎవరూ వెండి పట్టుకెళ్లరు. ఏం అడిగారు?"

అతను చెప్పాడు. రిటైరైన బాసు దగ్గర్నుంచి టూత్‌పేస్టు దాకా ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ శ్రీవల్లి భరిణ మీది పూలను బొటనవేలితో తడుముతూ కూర్చుంది.

"అంటే పొద్దున్న నాలుగో ప్రశ్నకి..."

"ఔను."

"తెలిసే పెట్టారు టిక్కు."

"ఔను."

"నా చేత్తో ఫొటో తీసి పంపించాను. మీకు థాంక్స్ చెప్పాను. సారీ కూడా చెప్పాను." ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అతనికి కాస్త తేలికగా ఉండేది. "ఏడాదిన్నరలో నేను ఆయన్ని నా కోసం ఒక్కటి అడగలేదు. అడగలేదు కాబట్టే నా పేరు చెప్పారు. అది మీకు అర్థం కాలేదు."

"అర్థమైంది. అందుకే మండింది," అన్నాడు రఘువీర్. ఇక దాచడానికి ఏం మిగల్లేదు. "కుళ్లు అన్నావుగా. కుళ్లే. పద్నాలుగేళ్లు ఆ మెట్లెక్కాను. నువ్వు మూడు రోజుల ఉద్యోగానికి వెళ్లి ఆయన పక్కన కూర్చున్నావు. నువ్వు ఆయన గురించి మాట్లాడేటప్పుడు నీ ముఖం వేరేగా ఉంటుంది. నా గురించి ఎవరితోనైనా అలా మాట్లాడతావా అని చూశాను. ఒక్కసారి కూడా వినలేదు."

శ్రీవల్లి అతని వైపు చూసింది. లేచి ల్యాప్‌టాప్ తెచ్చుకుంది.

"ఏం చేస్తున్నావు?"

"సెక్రెటరీకి రాస్తున్నాను. పొద్దున్న పంపిన కాగితంలో నాలుగో జవాబు తప్పు అని. ఎవరు, ఎప్పుడు, ఏం అడిగారో."

"అది మా బ్యాంకుకి తెలుస్తుందా?"

"తెలియొచ్చు."

"నా ఉద్యోగం?"

"ఏమో."

"నీ ట్రస్టీ పోస్టు?"

"ఏమోనండీ. అది నన్నడుగుతారేంటి?"

ఆమె వేళ్లు కీబోర్డు మీద కదులుతున్నాయి. రెండు వాక్యాలు పడ్డాయి. మూడో వాక్యంలో అతని పేరు వచ్చింది. తన పేరు తెర మీద అలా చూసేసరికి రఘువీర్‌కు ఒళ్లంతా సిగ్గుతో కాలిపోయింది. ఇక్కడ దొంగ తానొక్కడే, పెద్దాయన మాత్రం ఎప్పటిలాగే దేవుడు. అది భరించలేకపోయాడు.

"మీ పెద్దాయన కూడా అంత మహాత్ముడేం కాదులే," అన్నాడు. "బ్యాంకు ఎందుకు వదిలేశాడో నాకు చెప్పాడు."

కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

"ఆయా గురించేగా?"

"కాదు. నువ్వు వెతుకుతున్న మిగతా సగం."

శ్రీవల్లి తల తిప్పింది. భరిణ చూసినప్పుడు ఆమె ముఖం తెల్లబోయింది. అబద్ధం విన్నప్పుడు బిగుసుకుపోయింది. ఇప్పుడు వచ్చినది ఆ రెండూ కాదు. పెదవి కొస కొద్దిగా వణికింది, కళ్లు చిన్నవయ్యాయి. ఆ చూపు రఘువీర్‌కు బాగా తెలుసు. ఏడాదిన్నరగా ప్రతి బుధవారం సాయంత్రం తాను ఆమె వైపు కుళ్లుతో చూసిన చూపు అదే.

"మీకు చెప్పారా?" అంది.

"ఇందాక, గార్డెన్‌లో."

"డెబ్బై బుధవారాలు వెళ్లాను. మైకు ఆపేసి అడిగాను. జ్వరంతో కూడా వెళ్లాను. నాకు చెప్పలేదు. మీకు చెప్పారా, పావుగంటలో?"

"మీకే మొదలు అన్నాడు."

ఆ మాట చెప్పక్కర్లేదు. చెప్పాడు.

శ్రీవల్లి భరిణను పక్కకు జరిపింది. వాళ్లమ్మ భరిణ అని చూడలేదు, ఉప్పు డబ్బాను జరిపినట్టు జరిపింది. ల్యాప్‌టాప్ మూసేసింది. సగం రాసిన ఉత్తరం లోపలే ఉండిపోయింది.

"ముందు అది చెప్పండి. ఇది తర్వాత పంపిస్తాను."

"పదింటికల్లా పంపాలి కదా."

"పంపిస్తాలెండి. చెప్పండి."

రఘువీర్ నోరు విప్పలేదు. పెద్దాయన రహస్యం కాపాడడానికి ఆగాడనుకుంటే పొరపాటు. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి ఆమె అతని వైపు అలా వంగి, అతని దగ్గరున్న దాని కోసం అడుగుతోంది. ఇంకోసారి అడిగితే వినాలని ఆగాడు.

"చెప్పండి," అంది శ్రీవల్లి.